దత్తత: బిడ్డను అడగని ప్రశ్న

'ఆంధ్ర' శబ్దం మొట్టమొదట ఐతరేయ బ్రాహ్మణంలో కనిపిస్తుందని సాహిత్య విద్యార్థులందరం బట్టీపట్టినవాళ్ళమే. చరిత్ర పుస్తకాలు మొదటి పుటలోనే ఆ మాట చెప్పి ముందుకు సాగిపోతాయి. అయితే ఆ ప్రస్తావన ఏ సందర్భంలో వచ్చిందన్నది మనలో చాలామంది పట్టించుకోలేదు. అది ఒక దత్తత కథ.

హరిశ్చంద్రుడు తన కొడుకు రోహితుణ్ణి వరుణుడికి బలి ఇస్తానని మొక్కుకున్నాడు. రోహితుడు అడవికి పారిపోయాడు. అక్కడ ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే బ్రాహ్మణుడు అతనికి తారసపడ్డాడు. అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి అన్నాడు. చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి అన్నది. నడిమివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. యూపస్తంభానికి కట్టడానికి మరో నూరు, నరకడానికి మరో నూరు పుచ్చుకుని ఆ తండ్రే కత్తి పట్టాడు. పిల్లవాడు దేవతలను ప్రార్థించి కట్లు తెంచుకున్నాడు. వెళ్ళి విశ్వామిత్రుడి ఒడిలో కూర్చున్నాడు. అజీగర్తుడు కొడుకును తిరిగి ఇమ్మన్నాడు. పిల్లవాడు ఒప్పుకోలేదు. నాకంటె మూడు వందల ఆవులే నీకు ఎక్కువయ్యాయి గదా అని తండ్రిని నిలదీశాడు. విశ్వామిత్రుణ్ణి కూడా గుడ్డిగా నమ్మలేదు. నీ ఇంట్లో నా స్థానమేమిటి, నీ కొడుకులు నన్ను ఒప్పుకుంటారా అని అడిగి, జవాబు రాబట్టుకున్న తరువాతే కొడుకయ్యాడు. విశ్వామిత్రుడి నూటొక్కమంది కొడుకుల్లో పెద్దవాళ్ళు యాభైమంది అతణ్ణి జ్యేష్ఠుడిగా అంగీకరించలేదు. తండ్రి వాళ్ళను శపించాడు. ఆ శాపం తగిలి సరిహద్దులకు పోయినవారి జాబితాలోనే పుండ్రులు, శబరులు, పుళిందులు మొదలైనవారితోపాటు ఆంధ్రుల పేరు ఉంది.

శాపం సంగతి పక్కన పెడదాం. దాని వెనుక, ఆర్యావర్తం వెలుపలి జాతుల పట్ల ఆనాటి పురోహిత వర్గపు చూపు ఉంది. నన్ను ఆకర్షించింది మరొకటి. దత్తత అనే ప్రక్రియలోని పాత్రలన్నీ ఈ పాత కథలోనే ఉన్నాయి. పేదరికం వల్ల బిడ్డను అమ్ముకున్న తండ్రి ఉన్నాడు. కొనుక్కున్న ధనవంతుడున్నాడు. వాటా తగ్గుతుందని ఎదురుతిరిగిన కొడుకులున్నారు. అన్నిటినీ మించి, నోరు విప్పి ప్రశ్న వేసిన పిల్లవాడున్నాడు. ఆ తరువాత ఎన్నో శతాబ్దాలపాటు మన దత్తత చరిత్రలో మిగిలిన పాత్రలన్నీ కొనసాగాయి. పిల్లవాడి గొంతు మాత్రం వినిపించలేదు. అది ఎలా మూగబోయిందో, ఈనాటికి ఎంతవరకు తిరిగి వచ్చిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందు మాటలను చూద్దాం. 'దత్తుడు' అంటే ఇవ్వబడినవాడు. ఆ మాటలో ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకునేవాడున్నాడు. బిడ్డ చేతులు మారే వస్తువు. మన పల్లెల్లో 'ఫలానా ఇంటికి దత్తు పోయాడు' అంటారు. దానికి సమాంతరంగా మరో మాట ఉంది: 'పెంచుకున్నారు'. తెలంగాణలో 'సాదుకున్నరు' అంటారు. ఈ రెండు రకాల మాటల మధ్య ఉన్న తేడా వర్గాల తేడా అని నా అభిప్రాయం. పొలమూ పుట్రా ఉన్న ఇంట్లో 'దత్తత' జరిగేది. ఏమీ లేని ఇంట్లో పిల్లను 'సాదుకునేవారు'. దత్తుడికి హక్కు ఉంది. సాదుకున్న బిడ్డకు అన్నం ఉంది, ప్రేమ ఉంది, చట్టంలో చోటు మాత్రం లేదు.

ధర్మశాస్త్రాలు మొదట్లో ఇంత ఇరుకుగా లేవు. మనుస్మృతి పన్నెండు రకాల పుత్రులను లెక్కపెట్టింది. అందులో 'అపవిద్ధుడు' ఒకడు: తల్లిదండ్రులు వదిలేయగా మరొకరు చేరదీసిన బిడ్డ. 'స్వయందత్తుడు' మరొకడు: తనను తాను ఇచ్చుకున్న బిడ్డ, శునశ్శేపుడు ఆ కోవకు చెందినవాడే. కాలక్రమంలో ఈ పన్నెండూ కుదించుకుపోయాయి. కలియుగంలో ఔరసుడూ దత్తుడూ తప్ప తక్కినవారు చెల్లరని నిబంధనకారులు తేల్చారు. దత్తుడంటే తల్లో తండ్రో స్వయంగా ఇచ్చినవాడు. పదిహేడో శతాబ్దంలో కాశీలో నందపండితుడు రాసిన 'దత్తక మీమాంస' ఈ బిగింపును మరింత బిగించింది. పిల్లవాడు సవర్ణుడై ఉండాలన్నది, పుత్రుడి నీడలాంటివాడై ఉండాలన్నది. పిండప్రదానానికీ వంశానికీ పనికివచ్చేవాడు మగబిడ్డ ఒక్కడే గనక, ఆడపిల్ల దత్తత వాడుకలో దాదాపు లేకుండా పోయింది.

దీని పర్యవసానం గమనించండి. ఇవ్వడానికి తల్లీ తండ్రీ లేని బిడ్డను దత్తత తీసుకోవడానికి వీల్లేదు. అంటే, ఇల్లు అందరికంటె ఎక్కువగా అవసరమైన అనాథకే దత్తత తలుపు మూసుకుపోయింది. తల్లిదండ్రులున్న బిడ్డే అర్హుడు, లేనివాడు అనర్హుడు. దత్తతను కరుణకు సంబంధించిన విషయంగా మనం ఈనాడు భావిస్తున్నాం. ఆ సంస్థ పుట్టుకలో కరుణకు చోటు లేదు.

2

కంపెనీ కోర్టులు వచ్చాక శాస్త్రగ్రంథాలు చట్టాలయ్యాయి. 'దత్తక మీమాంస', 'దత్తక చంద్రిక' ఇంగ్లీషులోకి అనువాదమై న్యాయమూర్తుల బల్లల మీదికి చేరాయి. జమీందారీ కుటుంబాలు దత్తతల మీద దశాబ్దాల తరబడి వ్యాజ్యమాడాయి. ఆ తీర్పుల్లో తెలుగు పేర్లు తక్కువేమీ కాదు.

అమరావతి సంస్థానాధీశుడు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడికి సంతానం లేదు. మొదట ఒక బాలుణ్ణి, ఆ బాలుడు జీవించి ఉండగానే మరో బాలుణ్ణి దత్తత చేసుకున్నాడు. 1816లో ఆయన చనిపోయాడు. ఆ తగాదా పెరిగి పెరిగి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మొదటి దత్తుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరు స్త్రీల పేర్లతో ఆ తీర్పు ఈనాటికీ న్యాయగ్రంథాల్లో ఉంది. నాయుడు మరణించిన నాటికీ తీర్పు వచ్చిన నాటికీ మధ్య గుంటూరు సీమను 1832–33లో డొక్కల కరువు ఊడ్చుకుపోయింది. ఊళ్ళకు ఊళ్ళే పాడుపడ్డాయి. ఆ కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల గురించి దత్తత మీద వచ్చిన ఆ పెద్ద తీర్పులో ఒక్క అక్షరం లేదు. ఉండవలసిన అవసరం కూడా లేదు. ఆనాటి చట్టం దృష్టిలో దత్తతకూ అనాథలకూ సంబంధమే లేదు.

రాజ్యాల విషయంలో కంపెనీ ఇదే ఆయుధాన్ని తిప్పి పట్టుకుంది. డల్హౌసీ 1848లో సతారాను, 1854లో ఝాన్సీనీ నాగపూరునూ వారసుడు లేడన్న పేరుతో కలిపేసుకున్నాడు. ఝాన్సీ రాజు గంగాధరరావు 1853 నవంబరులో, చనిపోవడానికి ఒక్కరోజు ముందు, ఐదేళ్ళ బిడ్డను దత్తత చేసుకుని దామోదరరావని పేరు పెట్టాడు. దత్తత శాస్త్రోక్తమే, కానీ సింహాసనానికి చెల్లదన్నారు. తరువాతి కథ అందరికీ తెలిసిందే. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వం దిగివచ్చి సంస్థానాధీశులకు దత్తత హక్కు సనదులు రాసి ఇచ్చింది. లక్ష్మీబాయి వీపున బిడ్డను కట్టుకుని గుర్రమెక్కిన బొమ్మను మనం పూజిస్తాం. ఆ వీపు మీది బిడ్డ తరువాత ఏమయ్యాడని ఎందరు అడిగారు? రాజ్యం పోయిన ఆ దత్తపుత్రుడు ఇందూరులో కంపెనీ వారసులిచ్చిన భరణం మీద కాలం వెళ్ళదీశాడు.

విధవల మాట మరీ విచిత్రం. భర్త అనుమతి లేకుండా స్త్రీ బిడ్డను ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అన్న ఒక్క వాక్యానికి నాలుగు ప్రాంతాల్లో నాలుగు అర్థాలు చెప్పారు. దక్షిణదేశంలో భర్త అనుమతి లేకున్నా జ్ఞాతుల సమ్మతి ఉంటే చాలునని 1868లో రామనాథపురం వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మద్రాసు రాజధానిలో ఉన్న మన జిల్లాలకూ అదే చట్టమయింది. సమ్మతి ఇవ్వవలసిన ఆ జ్ఞాతులెవరు? దత్తత జరగకపోతే ఆస్తి దక్కేది వారికే. ఇక ఆ విధవ ఎవరి గుమ్మం ముందు నిలబడాలో ఊహించుకోవచ్చు.

1899లో వచ్చిన రెండు తీర్పులు ఈ వ్యవస్థ అసలు స్వరూపాన్ని బయటపెట్టాయి. ఒకటి బలుసు వారి వ్యాజ్యం. ఒక్కగానొక్క కొడుకును దత్తు ఇవ్వరాదని శాస్త్రం. అది నైతికమైన హెచ్చరిక మాత్రమే, జరిగిన దత్తత చెల్లుతుందని తీర్పు. రెండోది పిఠాపురం వ్యాజ్యం. పిఠాపురం రాజా 1873లో ఒక బాలుణ్ణి దత్తత చేసుకున్నాడు. 1885లో కొడుకు పుట్టాడు. రాజా సంస్థానాన్నంతా ఆ కొడుకుకు వీలునామా రాశాడు. దత్తుడు దావా వేశాడు. రాజాకు ఆ విధంగా రాసే అధికారం ఉందని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. వంశం కోసం తెచ్చుకున్న పిల్లవాడు, వంశాంకురం మొలవగానే పరాయివాడయ్యాడు. కన్నవారి ఇంట హక్కు ఎప్పుడో తెగిపోయింది. తెచ్చుకున్నవారి ఇంట కోర్టు వాకిలి మిగిలింది.

ఆ వ్యాజ్యంలో గెలిచిన పసివాడే తరువాత పిఠాపురం మహారాజా సూర్యారావు. మన భాషకు సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది ఆయన పోషణలోనే. బ్రహ్మసమాజ ప్రభావంతో, గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రేరణతో కాకినాడలో అనాథశరణాలయం పెట్టించినదీ ఆయనే. ఒక దత్తుణ్ణి పక్కకు నెట్టిన సంస్థానపు డబ్బే అనాథలకు అన్నం పెట్టింది. చరిత్ర మనకు నచ్చినట్టుగా నలుపు తెలుపులుగా విడిపోదు.

3

శాస్త్రానికీ కోర్టుకూ వెలుపల జనం తమ అవసరాలకు తగిన దారులు తొక్కారు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికం ఉంది. కొడుకులు లేనివారు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని కొడుకు వాటా ఇచ్చేవారు. మద్రాసు హైకోర్టు దాన్ని ఆచారంగా గుర్తించింది. పొలం దున్నే కులాలకు పిండం పెట్టే చేతికంటె నాగలి పట్టే చేయి ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

మరోవైపు దేవదాసీ కుటుంబాలు ఆడపిల్లలను దత్తత చేసుకునేవి. అక్కడ ఆస్తి తల్లినుంచి కూతురికి పోయేది గనక వారసురాలు ఆడపిల్ల కావలసివచ్చింది. బొంబాయి హైకోర్టు 1880లో అలాంటి దత్తతను తిరస్కరించింది. మద్రాసు హైకోర్టు 1888లో షరతులతో ఒప్పుకుంది. 'పుత్' అనే నరకం, పితృఋణం అంటూ చెప్పిన కారణాలన్నీ ఇక్కడ తేలిపోతాయి. ఆస్తి ఎటు నడిస్తే దత్తత అటు నడిచింది. స్త్రీ వారసురాలైన చోట ఆడపిల్ల దత్తతకు అర్హురాలయింది. అయితే ఆ వారసత్వంలో వృత్తి కూడా భాగమే. ఆ పిల్లకూ ఎంచుకునే వీలు లేదు.

ఈ మొత్తం చరిత్రలో ప్రశ్నను తలకిందులు చేసినవాడు జ్యోతిరావ్ ఫూలే. మోసపోయి గర్భవతులైన బ్రాహ్మణ విధవలు బిడ్డలను చంపుకోకుండా ఉండేందుకు 1863లో పూనాలోని తమ ఇంట్లోనే ఆ దంపతులు ఆశ్రయం ఏర్పాటు చేశారు. అక్కడ ఒక విధవకు పుట్టిన బిడ్డనే తమ కొడుకుగా స్వీకరించి యశ్వంత్ అని పేరు పెట్టారు. సవర్ణుడు కావాలన్న నియమం పోయింది. గోత్రం పోయింది. 'మా వంశానికి ఎవరు?' అన్న ప్రశ్న స్థానంలో 'ఈ బిడ్డకు ఎవరు?' అన్న ప్రశ్న నిలిచింది. 1890లో ఫూలే చనిపోయినప్పుడు దత్తపుత్రుడు అంత్యక్రియలు చేయరాదని దాయాదులు అడ్డుపడితే, సావిత్రీబాయి తానే కుండ పట్టుకుని ముందు నడిచింది. యశ్వంత్ వైద్యుడయ్యాడు. 1897లో ప్లేగు రోగులకు తల్లీ కొడుకూ కలిసి సేవ చేశారు. ఆ సేవలోనే ఆమె కన్నుమూసింది.

మన రాజమహేంద్రవరంలో వీరేశలింగం దంపతులకు పిల్లలు లేరు. ఆయన ఆస్తి దత్తుడి పేర వెళ్ళలేదు. హితకారిణి సమాజానికి వెళ్ళింది. సంతానం లేని గృహస్థుకు దత్తత తప్ప గతి లేదన్న సంప్రదాయానికి అది మౌనంగా ఇచ్చిన జవాబు.

4

1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. ఆడపిల్లను దత్తత చేసుకోవచ్చునన్నది. కులం అడ్డు తొలగింది. అవివాహితకూ, విధవకూ, విడాకులు పొందిన స్త్రీకీ తమంత తాము దత్తత చేసుకునే హక్కు వచ్చింది. భర్త ఉన్న స్త్రీ మాత్రం 'సమ్మతి' ఇచ్చే స్థితిలోనే ఉండిపోయింది. ఆమెకు సొంత హక్కు 2010 సవరణతో గానీ రాలేదు. తల్లిదండ్రులు వదిలేసిన బిడ్డను, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డను కోర్టు అనుమతితో సంరక్షకుడు దత్తత ఇవ్వవచ్చునని 1962 సవరణ చెప్పింది. మనువు లెక్కలోని 'అపవిద్ధుడు' ఇన్ని శతాబ్దాల తరువాత మళ్ళీ చట్టంలోకి అడుగుపెట్టాడు.

హిందువులు కానివారికి 1890 నాటి సంరక్షకుల చట్టమే దిక్కయింది. దాని కింద పెంచినవారు సంరక్షకులే, తల్లిదండ్రులు కారు. అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో వచ్చి 1978లో వెనక్కు పోయింది. 1980లో మరొకటి వచ్చి చట్టం కాకుండానే ముగిసింది. చివరకు బాలల న్యాయచట్టం ద్వారా 2000లోనూ, 2006 సవరణతోనూ ఆ దారి తెరుచుకుంది. ఏ మతం వారైనా ఆ చట్టం కింద దత్తత చేసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈలోగా అజీగర్తుడి ఆకలి ఎక్కడికీ పోలేదు. విదేశాలకు బిడ్డలను పంపడంలో అక్రమాలు జరుగుతున్నాయని ఒక న్యాయవాది రాసిన ఉత్తరం మీద 1984లో సుప్రీంకోర్టు నియమాలు విధించింది. 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ ఏర్పడింది. అయినా 1999లోనూ 2001లోనూ తెలంగాణ తండాల్లోని లంబాడీ ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు కొని దత్తత పేరుతో దాటించిన సంగతులు బయటపడ్డాయి. మూడో నాలుగో కాన్పులో పుట్టిన ఆడపిల్ల, కరువు, కట్నం భయం, మధ్యలో దళారి. పేదరికం కారణంగా తల్లిదండ్రులు బిడ్డను వదులుకోవడాన్ని నిషేధిస్తూ 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నిషేధించింది వదులుకోవడాన్ని, పేదరికాన్ని ఏ ఉత్తర్వూ నిషేధించలేదు.

ఈనాటి ప్రక్రియ 2015 చట్టం మీద ఆధారపడి ఉంది. ఊయలలోనో, ఆసుపత్రి మెట్ల మీదనో దొరికిన బిడ్డ ముందు బాలల సంక్షేమ సమితి ముందుకు వస్తుంది. కన్నవారి కోసం వెతుకుతారు. రెండేళ్ళలోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, పైబడినవారైతే నాలుగు నెలల్లో దత్తతకు అర్హత ప్రకటించాలి. తల్లి తానే బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంది. దత్తత కోరేవారు కేంద్ర సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆరోగ్యం, ఆదాయం, ఇంటి వాతావరణం విచారించి నివేదిక రాస్తారు. వంతు వచ్చాక శిశుగృహలోని బిడ్డను చూపిస్తారు. ముందు పోషణకు ఇచ్చి, తరువాత ఉత్తర్వు తెప్పిస్తారు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టునుంచి జిల్లా మేజిస్ట్రేటుకు మారింది. ఆ తరువాత రెండేళ్ళు బిడ్డ ఎలా ఉందో చూస్తారు. ఈ చట్టం ప్రకారం బిడ్డను కొనడం, అమ్మడం ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష పడే నేరం.

ఇదంతా జాప్యమని చాలామంది విసుక్కుంటారు. ఎవరో తెలిసిన ఆసుపత్రిలో, నోటరీ కాగితం మీద పని కానిచ్చేద్దామనుకుంటారు. బంధువుల మధ్య 1956 చట్టం ప్రకారం బిడ్డను నేరుగా చేతుల్లో పెట్టే దత్తత ఇప్పటికీ చెల్లుతుంది. కానీ ఊరూ పేరూ తెలియని బిడ్డ విషయంలో ఆ జాప్యమే ఆ బిడ్డకు రక్షణ. ఆ రెండు నెలల్లో ఒక తల్లి తిరిగి రావచ్చు. నూరు ఆవుల బేరం ఒకటి బయటపడవచ్చు. 2024–25లో దేశం మొత్తం మీద ఈ దారిన జరిగిన దత్తతలు 4,515. దరఖాస్తుదారుల వరస దానికంటె ఎన్నో రెట్లు పొడుగు. వరసలో ఉన్నవారిలో ఎక్కువమంది అడిగేది ఆరోగ్యంగా ఉన్న పసిగుడ్డునే. ఏడెనిమిదేళ్ళ పిల్లలూ, వికలాంగులైన పిల్లలూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది. ఉత్తర్వు ఇచ్చే ముందు, వయసునూ అవగాహననూ బట్టి, బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నాకు ఆ చట్టంలో అన్నిటికంటె విలువైన వాక్యం అదే. నీ ఇంట్లో నా స్థానమేమిటని అడిగిన శునశ్శేపుడికి ఇన్నాళ్ళకు చట్టం చెవి ఒగ్గింది.

5

మరి సాహిత్యం? మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెప్పి రాజ్యం ఇస్తానంటాడు. పెంచిన రాధనూ అధిరథుణ్ణీ వదలనంటాడు కర్ణుడు. రక్తానికీ పెంపకానికీ మధ్య పెంపకాన్ని ఎంచుకున్న ఆ మాట మన సాహిత్యానికి పునాదుల్లోనే ఉంది. అయినా మన కథలూ, నవలలూ, ముఖ్యంగా సినిమాలు చాలావరకు ఇంకా రక్తం పక్షమే. పెంచుకున్న బిడ్డ చివరి ఘట్టంలో కన్నతల్లిని చూడగానే గుర్తుపట్టాలి. పుట్టుమచ్చ బయటపడాలి. పెంచిన తల్లి కన్నీళ్ళతో పక్కకు తప్పుకోవాలి. కాదంటే, దత్తుడు ఆస్తి కాజేసే దుర్మార్గుడు కావాలి. ఈ రెండు మూసలూ జమీందారీ వ్యాజ్యాల్లో తయారైనవే. వ్యాజ్యాలు పోయాయి, మూసలు మిగిలాయి.

పదేళ్ళ వయసులో శిశుగృహ వదిలి కొత్త ఇంటికి వెళ్ళే పిల్ల మనసులో ఏముంటుంది? తన వెనుక మిగిలిపోయిన స్నేహితురాలి సంగతేమిటి? ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున ఆ ఇంటి అమ్మమ్మ ఆ పిల్లను ఏ పేరుతో పిలుస్తుంది? తండాలో బిడ్డను ఇచ్చేసిన తల్లి ఏటా ఆ నెల వచ్చేసరికి ఏం చేస్తుంది? చట్టం ఈ ప్రశ్నలు వేయలేదు. వేయడం దాని పని కాదు. అది మన పని. దత్తత గురించి రాసే ప్రతి రచయితా కలం పట్టేముందు, కథ ఎవరి వైపునుంచి చెబుతున్నానని ఒకసారి తనను తాను ప్రశ్నించుకోవాలి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇప్పటికే చాలా మాట్లాడారు. ఇక ఒడిలో కూర్చున్న బిడ్డను మాట్లాడనివ్వాలి.